ఆయన నిద్రపోయిన పగలు

గిన్నెలన్నీ ఒక్కసారిగా కిందపడ్డ చప్పుడుకి ఆమె ఉలిక్కిపడి లేచింది. పక్కలో చిన్నకూతురు లేదు. భర్త ఎలాగూ లేడు. వంటింట్లోంచి చిన్నదాని కిలకిలలూ, వాటికి తాళం వేస్తున్నట్టు భర్త ఈలపాటా వినిపిస్తున్నాయి. జుట్టు ముడేసుకుంటూ పరుగున వెళ్ళి గుమ్మంలోనే నిలబడిపోయింది.

వంటిల్లు వంటిల్లులా లేదు. డబ్బాలు, పళ్ళేలు, గ్లాసులు అన్నీ హాల్లోకి వలస వచ్చేశాయి. పొయ్యి మీద పాత దుప్పటి కప్పి ఉంది. భర్త స్టూలెక్కి గోడకి పసుపు రంగు వేస్తున్నాడు. చిన్నది కింద రంగు డబ్బా పట్టుకుని నిలబడింది. దాని ముక్కూ ఒక చెవీ కూడా పసుపే.

"లేచావా మహారాణీ! ఎలా ఉంది మన కొత్త వంటిల్లు?" అన్నాడు భర్త కుంచె గాల్లో తిప్పుతూ.

"ఇల్లు పీకి పందిరేశారు కదండీ! నిన్ననే కదా లారీ దిగి వచ్చారు. కాసేపైనా నడుం వాల్చారా?"

"నిద్రదేముందే, ఎక్కడికీ పారిపోదు. గోడలు చూడు, మనం కొన్నప్పటి నుంచీ ఏడుపుమొహం వేసుకుని ఉన్నాయి. ఇవాళ నవ్విస్తాను."

"గోడలు తర్వాత నవ్వుతాయిగానీ ముందు నా టీ గిన్నె ఏదిరా?" అంటూ అత్తగారు డబ్బాల మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చింది. "ఈ సంతలో నా కళ్ళజోడు కూడా పోయింది."

"అది నీ నెత్తి మీదే ఉంది నానమ్మా!" అని చిన్నది విరగబడి నవ్వింది. ముసలావిడ తల తడుముకుని తనూ నవ్వింది. నవ్వు ఆగకముందే భర్త స్టూలు మీంచి దూకి, రంగు చేతులతోనే చప్పట్లు కొట్టాడు.

"అందరూ వినండి! గంటలో బయల్దేరుతున్నాం. సముద్రానికి!"

చిన్నది పెట్టిన కేకకి పక్కింటి కుక్క మొరిగింది. ఆమెకి కూడా లోపల ఎక్కడో చిన్నపిల్లలా గంతు వేయాలనిపించింది. సినిమా హాల్లో టికెట్లు ఇచ్చే ఉద్యోగం ఆమెది. సెలవు రోజంటే అందరూ హాలుకి వస్తారు, తను మాత్రం ఎక్కడికీ వెళ్ళడానికి ఉండదు. ఈ వారం అదృష్టం కొద్దీ హాల్లో కుర్చీలు మారుస్తున్నారని ఆటలు ఆపారు.

ఇదివరకు ఇలా ఉండేవాడు కాదు ఆమె భర్త. దూరాల లారీ తోలి ఇంటికొచ్చాడంటే బియ్యం మూట దింపినట్టే. మంచం మీద పడితే మళ్ళీ డ్యూటీకి వెళ్ళేవరకూ లేచేవాడు కాదు. పలకరిస్తే "ఊఁ", తినమంటే "తర్వాత". గోడతో కాపురం చేస్తున్నట్టుందని ఆమె తోటి ఉద్యోగినులతో చెప్పుకుని నిట్టూర్చేది. అలాంటిది ఏడాదిగా మనిషే మారిపోయాడు. రావడమే తుఫానులా వస్తాడు. పాత మోటారు విప్పి బిగిస్తాడు, చిన్నదానికి ఉయ్యాల కడతాడు, తల్లిని ఎత్తుకుని గిరగిరా తిప్పుతాడు. "మీ ఆయనకి ఏం పెడుతున్నావే, మాక్కూడా చెప్పు," అని హాల్లో ఆడవాళ్ళు అడిగితే ఆమె ముసిముసిగా నవ్వుకునేది.

మనిషి సగమయ్యాడు, నిజమే. పళ్ళు పటపటా కొరుకుతుంటాడు. కంచం ముందు కూర్చుని కబుర్లు చెప్పి లేస్తాడేగానీ ముద్ద దిగదు. ఒకసారి టీవీ రిమోటు దొరకలేదని టీవీనే గోడకేసి కొట్టాడు. పాతదైపోయిందిలే అని ఆమే అందరికీ సర్దిచెప్పింది. పెట్టేవాడు తిట్టినా పడాలంటారు. ఇంత నవ్వించేవాడు ఒక్కసారి కసిరితే ఏం పోయింది?

బట్టలు సర్దడానికి వెనక గదిలోకి వెళ్తే పెద్దకూతురు మంచం మీద అలాగే కూర్చుని ఉంది. టీచరు ట్రైనింగు చదువుతూ హాస్టల్లో ఉంటుంది. నిన్న తండ్రే పాత వ్యానులో వెళ్ళి తీసుకొచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఎవరి తగువైనా విని తీర్పు చెప్పేదని తండ్రి దానికి జడ్జిగారని పేరు పెట్టాడు.

"ఇంకా కూర్చున్నావేమే? లే, లే! తువ్వాళ్ళు ఎక్కడ పెట్టావు?"

"తలుపు వెయ్యమ్మా. నీతో మాట్లాడాలి."

"వచ్చాక మాట్లాడుకుందాం."

"వస్తే కదా మాట్లాడటానికి!"

ఆ గొంతుకి ఆమె చేతిలో సంచీ ఆగింది. పెద్దది లేచి తనే తలుపు వేసింది.

"నిన్న దారిలో నాన్న ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. నా తల ముందు అద్దానికి కొట్టుకుంది, చూడు." జుట్టు పైకి తీస్తే నుదుటి పైన కమిలి ఉంది. "ఏమైంది నాన్నా అంటే, గొడుగు పట్టుకుని ఆవిడెవరో అడ్డం వచ్చింది అన్నాడు. ఎండ మండిపోతోందమ్మా. రోడ్డు మీద పురుగు కూడా లేదు. వెనకొచ్చే బస్సు మమ్మల్ని రాసుకుంటూ పోయింది. మళ్ళీ కాస్త దూరం వెళ్ళాక అద్దం దించి, 'పక్కకి పోమ్మా, పోమ్మా' అని చెయ్యి ఊపాడు. ఎవరికి ఊపాడమ్మా?"

"అలిసిపోయి ఉంటారే. ఒక్కోసారి ఎండమావులు..."

"ఎండమావి గొడుగు పట్టుకుంటుందా?" పెద్దది చున్నీ కొంగులోంచి చిన్న బిళ్ళల అట్ట తీసి మంచం మీద పడేసింది. అందులో సగం గళ్ళు ఖాళీ. "నాన్న చొక్కా జేబులోది. నిద్ర రాకుండా వేసుకునేవి. మా హాస్టల్లో పరీక్షలప్పుడు ఒకమ్మాయి ఇవే మింగి చివరికి ఆసుపత్రిలో పడింది. నువ్వెప్పుడూ చూడలేదా?"

ఆమె చూసింది. చొక్కాలు ఉతికేది ఆమే. చాలాసార్లు చూసింది. ఏమిటివని అడిగితే బలం బిళ్ళలన్నాడు. నమ్మితే బాగుంటుందనిపించి నమ్మింది.

"ఈ ఒక్కరోజు పాడు చెయ్యకే," అంది మెల్లగా, కూతురి వైపు చూడకుండా. "చిన్నది ఎంత ఆశపడుతోందో చూశావుగా. వచ్చాక నేనే అడుగుతాను. నా తల్లివి కదూ!"

బయట వ్యాను హారను మోగింది, ఆగకుండా, పాటలా.

గడప దాటేసరికి హడావిడి ఆకాశాన్నంటుతోంది. వ్యాను మీద చాప, బంతి, రెండు మడత కుర్చీలు కట్టేసి ఉన్నాయి. అత్తగారు బ్రెడ్డు పొట్లం ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో రాణిలా కూర్చుంది. చిన్నది కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ వచ్చేపోయే వాళ్ళందరికీ "మేం సముద్రానికీ!" అని చాటింపు వేస్తోంది. ఆమె ముందు సీట్లో కూర్చుని తలుపు లాగింది. గుండె దడదడమంటోంది. సంతోషమే అని సర్దిచెప్పుకుంది.

"జడ్జిగారేరీ?" అన్నాడు భర్త ఇంజను స్టార్టు చేస్తూ.

పెద్దది వచ్చింది. వ్యాను ఎక్కలేదు. తిన్నగా వెళ్ళి గేటు మధ్యలో, వ్యానుకి ఎదురుగా నిలబడింది.

భర్త పకపకా నవ్వాడు. "తప్పుకోండి జడ్జిగారూ, కోర్టుకి ఇవాళ సెలవు!"

"నువ్వు దిగు నాన్నా. తప్పుకుంటాను."

"ఏమైందే నీకు?"

"నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది? చెల్లినీ నానమ్మనీ ఎక్కించుకుని బండి తోలతావా? నేను తోలనివ్వను."

"కన్నతండ్రికే అడ్డం నిలబడతావుటే!" వెనకనుంచి అత్తగారు గయ్యిమంది. "నా కొడుకు నువ్వు పుట్టకముందు నుంచీ స్టీరింగు పట్టుకున్నాడు. నువ్వా చెప్పేదానివి? అమ్మాయ్, నీ కూతురికి నువ్వైనా చెప్పు!"

హారను మళ్ళీ మోగింది. ఈసారి పాటలా లేదు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది, దాని పక్కది తెరుచుకుంది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. కిటికీలోంచి తల బయట పెట్టి, "తప్పుకోవే! అందరూ చూస్తున్నారు, మన పరువు తీయకు!" అని అరిచింది.

"చూడనీ అమ్మా!" పెద్దది కదల్లేదు. "నాన్నా, నిన్న రోడ్డు మీద గొడుగావిడ ఎవరు?"

భర్త నవ్వు చప్పున చల్లారింది. "ఏ గొడుగు? ఏం వాగుతున్నావ్? తప్పుకుంటావా లేదా?" ఇంజను గర్రుమంది. వ్యాను ఒక్క ఊపున ముందుకి దూకి ఆగింది. బంపరు పెద్దదాని మోకాళ్ళకి తగిలింది. అది రెండు చేతులూ బానెట్టు మీద ఆనించి నిలదొక్కుకుంది. చిన్నది ఇంకా ఆటే అనుకుని, "అక్కని గుద్దేస్తాం, గుద్దేస్తాం!" అని నవ్వుతోంది.

ఆమె గిరుక్కున భర్త వైపు తిరిగింది. అతను పెద్దకూతురి వైపు చూడటం లేదు. దానికి కాస్త పక్కగా, గేటు స్తంభం దగ్గర ఖాళీ చోటు వైపు చూస్తున్నాడు. దవడ ఎముక ఆడుతోంది. చెమట ధారలు కడుతోంది.

"ఆవిణ్ణి పక్కకి పొమ్మను," అన్నాడు నెమ్మదిగా.

"ఎవర్నండీ?"

"అదిగో. పిల్ల పక్కన నిలబడింది కదా. గొడుగు అడ్డంగా ఉంది, నాకు రోడ్డు కనబడటం లేదు. పొమ్మను ఆవిణ్ణి."

గేటు దగ్గర కూతురు తప్ప ఎవరూ లేరు. ఎండ తప్ప ఏమీ లేదు. భర్త కాలు మళ్ళీ కిందికి నొక్కబోతోంది.

తర్వాత తనేం చేసిందో ఆమెకి ఒక్కో ముక్కా విడివిడిగా గుర్తుంది. చెయ్యి చాపడం, తాళంచెవి తిప్పి లాగెయ్యడం, ఇంజను ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోవడం. అతను ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. "ఇవ్వు! ఇవ్వవే!" ఎన్నడూ వినని గొంతు. ఆమె రెండో చేతిలోకి తాళంచెవి మార్చుకుని, కిటికీలోంచి బయటికి, బలంకొద్దీ విసిరేసింది. అది గోడకి తగిలి, ఎగిరి, టప్పున మురుగుకాలవలో పడింది.

చిన్నది ఏడుపు అందుకుంది.

భర్త తలుపు తన్ని దిగాడు. కాలవ పక్కన మోకాళ్ళ మీద కూలబడి, భుజం దాకా చెయ్యి దూర్చి దేవులాడాడు. పసుపు రంగు చెయ్యి నల్లటి బురదతో పైకొచ్చింది, మళ్ళీ లోపలికెళ్ళింది. "ఎక్కడికి పోతుంది, ఎక్కడికి పోతుంది," అని గొణుగుతున్నాడు. పెద్దది కుంటుకుంటూ వెళ్ళి అతని పక్కన కూర్చుంది. తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. విదిలించేస్తాడనుకుంది ఆమె. అతను కూతురి మోకాలి మీద గీసుకున్న చోట నెత్తురు చూశాడు.

"ఇది నేనే చేశానా?"

పెద్దది చున్నీతో మోకాలు కప్పుకుంది.

"నేనే చేశానా తల్లీ?" అని అక్కడే, కాలవ గట్టు మీద, వీధి వీధంతా చూస్తుండగా భోరుమన్నాడు ఆ మనిషి.

ఆమె వచ్చి ఇటుపక్క కూర్చుంది. అతను ఎవరి వైపూ చూడకుండా, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుండగా చెప్పుకుపోయాడు. డిపోలో ట్రిప్పు వేళ తగ్గించారు. అంత వేళకి చేరాలంటే కన్ను మూయకూడదు. దాబా దగ్గర తోటి డ్రైవరు ఒక బిళ్ళ ఇచ్చాడు. అందరూ వేసుకునేదే, భయం లేదన్నాడు. మొదట ఒకటి, తర్వాత పిడికెడు. కొన్నాళ్ళకి రోడ్డు మీద గొడుగావిడ కనబడటం మొదలైంది.

"ఆవిడ లేదని నాకు తెలుసే," అన్నాడు భార్యతో, ముక్కు మోచేత్తో తుడుచుకుంటూ. "తెలిసే బ్రేకు వేస్తాను. ఎందుకంటే... ఒకరోజు నిజంగా ఉంటే? ఆ రోజు కూడా లేదనుకుని పోనిచ్చేస్తే?"

"మరి ఇంటికొచ్చాక ఎందుకండీ? ఇక్కడ ఏ లోడుందని?"

అతను మళ్ళీ కాలవ వైపు తిరిగాడు.

"వేసుకోకపోతే పాత మూటలా పడిపోతాను. నువ్వు మొహం తిప్పుకునేదానివి. ఇప్పుడేమో నేను రాగానే నవ్వుతావు. పిల్లలు మెడకి చుట్టుకుంటారు. ఆ మూటని మళ్ళీ మీకెలా చూపించను?"

హాల్లో ఆడవాళ్ళ ముందు గర్వంగా నవ్వుకున్న నవ్వులన్నీ ఆమెకి ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆమె అతని బురద చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నాకా మూటే కావాలండీ," అంది ఏడుస్తూ. "మీరు గురకపెట్టి నిద్రపోండి. నేను పక్కన కూర్చుని తిట్టుకుంటాను. అంతేగానీ ఇలా మాకు దక్కకుండా పోకండి."

అప్పటిదాకా బొమ్మలా కూర్చున్న అత్తగారు వ్యాను దిగింది. పెద్దమనవరాలి మోకాలు వంగి చూసింది. తన చీర చెంగు చింపి కట్టుకట్టింది. "నిన్ను తిట్టిన నోరు పడిపోనూ," అని గొణిగి, కొడుకు చంకలో చెయ్యి వేసింది. "లే నాన్నా. ఆసుపత్రికి పోదాం. బస్సులో పోదాం."

వాళ్ళు బస్సులోనే వెళ్ళారు. చిన్నది బంతి వదల్లేదు.

డాక్టరమ్మ మెత్తగానే మాట్లాడింది కానీ ఏదీ దాచలేదు. ఆ బిళ్ళల ప్రభావం దిగుతుంటే మొదట మొద్దునిద్ర పోతాడంది. అది చూసి బాగైపోయాడని మోసపోవద్దంది. అసలు పోరాటం ఆ తర్వాతే మొదలవుతుందంది. అలాగే జరిగింది. వార్డులో పొద్దూమాపూ తెలియకుండా పడి నిద్రపోయాడు. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర దగ్గరికి రానంది. ఏ పనీ చేయబుద్ధి కాదు, ఏ మాటా రుచించదు. గోడ వైపు తిరిగి కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఒక్కోసారి చిన్నదాని మీద అకారణంగా విరుచుకుపడి, అంతలోనే దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చేవాడు. ఒకరోజు బజారుకని వెళ్ళి ఆలస్యంగా వచ్చాడు. గుమ్మంలోనే జేబులోంచి కొత్త అట్ట తీసి పెద్దకూతురి చేతిలో పెట్టాడు. "కొన్నాను. వేసుకోలేదు. నా దగ్గర ఉంచకు," అన్నాడు. అది ఏ తీర్పూ చెప్పలేదు. బిళ్ళలు దొడ్లో పారేసి వచ్చి తండ్రికి టీ పెట్టింది.

ఆమె కూడా ఓపిక పట్టింది, పట్టలేనప్పుడు అరిచింది, అరిచాక వెళ్ళి పక్కన కూర్చుంది. వారం వారం అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ గుంపుగా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళలో ఇంకా ఇద్దరు లారీ డ్రైవర్లున్నారు. ఒకాయనకి కాలు లేదు. ఒకాయన బండి కింద ఎవరో పసివాడు పోయాడు. ఆ రోజు ఇంటికి వస్తూ అతను బస్సులో భార్య చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె మొదటి ఆట టికెట్లు ఇచ్చేసి ఇంటికొచ్చింది. సెలవులని పెద్దది ఇంట్లోనే ఉంది. గుమ్మంలోనే ఎదురొచ్చి నోటి మీద వేలు పెట్టింది. లోపల అత్తగారు గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. చిన్నది మునివేళ్ళ మీద నడుస్తోంది.

"ఏమైందే?" అంది ఆమె కంగారుగా.

"నాన్న పడుకున్నాడు," పెద్దది గుసగుసగా చెప్పింది. కళ్ళు మెరుస్తున్నాయి. "అన్నం తిన్నాడు. కాస్త కునుకు తీస్తానన్నాడు. దానంతట అదే పట్టేసిందమ్మా. ఏ మందూ లేకుండా!"

ఆమె తొంగి చూసింది. బోర్లాపడి, నోరు తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి నిద్రపోతున్నాడు. గురక. పాత గురక. కప్పు ఎగిరిపోయేలా. ఆమెకి ఎక్కడలేని ఆనందం తన్నుకొచ్చింది. పండగొచ్చినట్టుంది ఇంట్లో, చప్పుడు చేయడానికి మాత్రం లేదు.

సరిగ్గా అప్పుడే భర్త ఫోను మోగింది. నలుగురూ ఒక్కసారి దాని మీదికి దూకారు. ఆమెకే దొరికింది. వంటింట్లోకి పరుగెత్తి ఎత్తింది.

"డిపో నుంచమ్మా, సూపర్వైజర్ని," అంది అవతలి గొంతు. "ఆయన్ని ఒకసారి పిలుస్తారా? బాగానే ఉన్నాడని విన్నాను. మనిషి తక్కువయ్యాడు, సాయంత్రం లోడు కదలాలి. పాత మనిషి కదా అని అడుగుతున్నాను."

"ఆయన నిద్రపోతున్నారండీ."

"కాస్త లేపండమ్మా. అర్జెంటు."

"లేపను."

"అయ్యో, ఒక్క నిమిషం..."

"ఒక్క నిమిషం కూడా లేపను!" ఆమె గొంతు తగ్గించే అరిచింది. "ఆయన ఇంక మీ లారీ ఎక్కరండీ. ఇంకో మాట. ఇవాళ మీరు ఎవర్ని పంపిస్తారో, ఆ మనిషి నిద్రపోయాడో లేదో ముందు కనుక్కుని పంపించండి. ఆయనకీ ఒక ఇల్లుంటుంది."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే పెద్దది గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆ రోజు నువ్వు చెప్తే వినలేదే," అంది ఆమె. "నిన్ను బండికి అడ్డంగా ఒంటరిగా నిలబెట్టాను."

"తాళంచెవి విసిరింది నువ్వే కదమ్మా."

ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఏడుపొచ్చింది. అంతలో లోపలి గదిలోంచి గురక ఒకటి ఎక్కడో మొదలై, మెలికలు తిరిగి, ఈలలా ఆగింది. దాంతో పెద్దదానికి నవ్వొచ్చింది. దాన్ని చూసి ఆమెకీ వచ్చింది. ఆయన లేస్తాడేమోనని తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకరి నోరు ఒకరు చేత్తో మూసుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా, గోడకి ఆనుకుని చాలాసేపు నవ్వారు.